పాత రేడియో జింగిల్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత రేడియో జింగిల్స్ (ప్రకటనల పాటలు), సిగ్నేచర్ ట్యూన్లు, స్టేషన్ అనౌన్స్‌మెంట్లు సేకరించేవారి నుంచి, కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారి నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట కలిపేశాం.

ప్రశ్న: మా నాన్నగారు రేడియోలో వచ్చే సినిమా పాటలు, నాటికలు పట్టిన క్యాసెట్లు నలభై దాకా ఉన్నాయి. అన్నీ పాటలేనని, ఆ పాటలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా పారేయమని ఇంట్లో అంటున్నారు. వీటిలో జింగిల్స్ ఏమైనా ఉంటాయా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: పారేయకండి అమ్మా. ఆ రోజుల్లో జింగిల్ కోసం రికార్డింగ్ మీట నొక్కినవాళ్లు దాదాపు లేరు. అందరూ పట్టింది పాటనే. పాటకు ముందో వెనకో, రేడియో మోగుతుండగా అదనంగా తిరిగిన కాస్త టేపులోనే మనకు కావలసింది మిగిలింది. అందుకని వెతకాల్సింది పాటల క్యాసెట్లలోనే.

ముఖ్యంగా నాలుగు చోట్ల చూడండి. మొదటిది, పాటకీ పాటకీ మధ్య అతుకు. స్టాప్ నొక్కడం ఆలస్యమైతే ప్రకటన మొదటి ముక్కో, అనౌన్సరు గొంతో పడి ఉంటుంది. రెండోది, ప్రతి వైపూ చివర. సీ-60 క్యాసెట్ ఒక వైపు 30 నిమిషాలు. టేపు అయిపోయేదాకా వదిలేసినవాళ్లు చాలామంది. మూడోది, నాటికల మొదలు, చివర. కార్యక్రమం సిగ్నేచర్ ట్యూను పూర్తిగా దొరికేది ఇక్కడే. నాలుగోది చాలామంది మరిచిపోయేది: పాత రికార్డింగు మీద కొత్తది పట్టినప్పుడు కొత్తది ఇరవై నిమిషాలకే ఆగిపోతే, మిగతా పది నిమిషాల్లో పాతది అలాగే ఉంటుంది. అట్ట మీద రాసిన పాటల పట్టీలో దాని ఊసే ఉండదు.

ప్రతి క్యాసెట్టూ గంటసేపు కూర్చుని వినక్కర్లేదు. రెండు వైపులా కంప్యూటర్లోకి ఎక్కించి, ఆడాసిటీ లాంటి శబ్దం ఎడిట్ చేసే ప్రోగ్రాంలో తెరవండి. పాటలు మూడు నాలుగు నిమిషాల ముద్దల్లా కనిపిస్తాయి. వాటి మధ్య సన్నటి సందులు, చివర మిగిలిన ముక్కలు మాత్రం వింటే చాలు. క్యాసెట్‌కు పది పదిహేను నిమిషాల పని.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాం. జింగిల్ దొరికిందని దాన్ని కత్తిరించుకుని మిగతాది చెరిపేయకండి. ముందు వచ్చిన పాట, తర్వాత అనౌన్సరు చెప్పిన టైము, వెనకాల వినిపించే పక్క స్టేషను, ఇవే ఆ జింగిల్ ఏ ఊరిది, ఏ ఏడాదిది అని చెప్పే సాక్ష్యాలు. వైపు మొత్తం ఒక ఫైలుగా ఉంచి, జింగిల్‌ను అటూ ఇటూ పది సెకన్ల చొప్పున వదిలి వేరే కాపీగా తీసుకోండి.

ప్రశ్న: 1986 వరదలో మునిగిన క్యాసెట్లు ఆరబెట్టి అటక మీద పెట్టాం. ఇప్పుడు చూస్తే టేపు అంచున తెల్లటి పొడి, కొన్నింట్లో బురద. ప్లేయర్లో పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఇప్పుడే పెట్టకండి. తెల్లపొడి బూజు. అది హెడ్డుకు (ప్లేయర్లో టేపును చదివే భాగానికి) అంటుకుని మీ దగ్గరున్న మంచి క్యాసెట్లన్నింటికీ పాకుతుంది. ఎండు బురదైతే గరుకుగా ఉండి, టేపు మీది అయస్కాంత పూతను గీకేస్తుంది. ఒకసారి ఊడిన పూత మళ్లీ రాదు.

ముందు క్యాసెట్లను వేరుచేయండి: బూజు మాత్రమే ఉన్నవి ఒక పక్క, బురద ఉన్నవి మరో పక్క. బూజు ఉన్నవాటిని మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో వారం పది రోజులు ఉంచండి. పది లీటర్ల డబ్బాకు 150 గ్రాముల దాకా జెల్ వెయ్యండి. తడిగా ఉన్న బూజు తుడిస్తే టేపుకు పులుముకుంటుంది, ఎండితే పొడిగా రాలుతుంది. ఆ తర్వాత ఎన్95 మాస్కు కట్టుకుని, వంటింట్లోనో పడకగదిలోనో కాకుండా వరండాలో కూర్చుని పని మొదలుపెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

క్యాసెట్ పెంకుకు అయిదు చిన్న స్క్రూలు ఉంటే అదృష్టం. విప్పి, లోపలి రెండు చక్రాలను టేపుతో సహా ఎత్తి, అయిదు స్క్రూల కొత్త పెంకులోకి మార్చండి. దీనికోసం దుకాణంలో కొన్న, పనికిరాని పాటల క్యాసెట్ ఒకటి బలిచ్చినా ఫరవాలేదు. స్క్రూల్లేకుండా అతికించిన పెంకైతే, సన్నటి బ్లేడును అంచు అతుకులో పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ విప్పాలి. తొందరపడితే బ్లేడు టేపుకు తగులుతుంది. పెంకు తెరవగానే హెడ్డుకు ఎదురుగా చిన్న రాగి రేకు మీద ఫెల్ట్ మెత్త కనిపిస్తుంది. వరదలో మునిగినవాటిలో మెత్తను అతికించిన జిగురు ఊడి అది రాలిపోతుంది, లేదా రేకు చిలుమెక్కుతుంది. మెత్త లేకపోతే టేపు హెడ్డును సరిగా ఆనదు, శబ్దం వస్తూ పోతూ ఉంటుంది. చాలామంది టేపు పాడైందనుకుని పారేసేది ఇలాంటివే. కొత్త పెంకుతో ఇది కూడా తీరిపోతుంది.

మార్చిన టేపును పాత, పనికిమాలిన ప్లేయర్ ఒకటి పెట్టుకుని అందులోనే ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. తిరిగేటప్పుడు పీచు రాలని మెత్తటి బట్టను టేపుకు తేలిగ్గా ఆనించాలి. రెండు మూడుసార్లు తిప్పి, ప్రతిసారీ హెడ్డు తుడవండి.

బురద ఉన్నవాటికి కడగడం తప్ప దారి లేదు. పొరల మధ్య పూడిన మట్టి ఎండుగా తుడిస్తే పోదు. డిస్టిల్డ్ వాటర్లో చక్రాన్ని నానబెట్టి, మట్టి వదిలేదాకా నీళ్లు మార్చండి. బోరు నీళ్లు వద్దు, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్లలో. ఉప్పు టేపు మీదే ఉండిపోతుంది. తర్వాత నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు, ఆపైన సిలికా డబ్బాలో. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ వాడినా టేపు ముడుచుకుంటుంది. పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగకండి, ఆ ఒక్క క్యాసెట్‌ను ఈ పని వృత్తిగా చేసేవాళ్లకు వదిలేయండి.

దాచేటప్పుడు: టేపును ఒక చివరకు పూర్తిగా తిప్పి, నిలువుగా పెట్టండి. డబ్బాలో చిన్న హైగ్రోమీటరు ఒకటి వేసి తేమ 40 శాతం దగ్గర ఉండేట్టు చూసుకోండి. జూన్ నుంచి నవంబరు దాకా మన ప్రాంతంలో అది దానంతటదే జరగదు. సిలికా జెల్ రంగు మారగానే 110 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, వంటపాత్రల్లో వేడిచేయొద్దు. బియ్యం పొయ్యడం పనికిరాదు. ఆ తవుడు దుమ్మే బూజుకు తిండి.

ప్రశ్న: క్యాసెట్లు బాగానే ఉన్నాయి కానీ, దుప్పటి కప్పినట్టు వినిపిస్తున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించాక ఇంకా ఘోరంగా ఉంది. తప్పు టేపుదా, ప్లేయరుదా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చాలావరకు ప్లేయరుదే. మొదట శుభ్రం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి హెడ్డు, టేపును నడిపే క్యాప్‌స్టన్ కడ్డీ తుడవండి. గోధుమరంగు మరక రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. టేపును ఆ కడ్డీకి నొక్కి పట్టే రబ్బరు పించ్ రోలర్‌ను కొద్దిగా సబ్బు కలిపిన నీటితో తుడిచి ఆరనివ్వండి. రబ్బరు గట్టిపడి మెరుస్తుంటే టేపు జారుతుంది, మార్చాల్సిందే. డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) మీట ఉంటే ఆపేయండి. రేడియో నుంచి ఇళ్లలో పట్టినవి డాల్బీతో పట్టినవి కావు, అది ఆన్‌లో ఉంటే పైస్వరాలు నొక్కుకుపోతాయి. టేపు రకం మీట నార్మల్‌లో ఉండాలి.

ఇవన్నీ చేసినా దుప్పటి తొలగకపోతే హెడ్డు వాలు తేడా. దీన్ని అజిమత్ అంటారు. హెడ్డులోని సన్నటి గీత టేపుకు సరిగ్గా నిలువుగా ఉండాలి. రికార్డు చేసిన మెషీన్లో అది కాస్త వాలి ఉంటే, మన ప్లేయరులో కూడా అంతే వాలితే గానీ పైస్వరాలు పలకవు. మెషీను ఎంత మంచిదైనా, ఇంకో మెషీన్లో పట్టిన క్యాసెట్‌కు ఇది కుదరకపోవచ్చు. అందుకని ప్రతి క్యాసెట్‌కూ సరిచూసుకోవాలి.

హెడ్డుకు రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. కింద స్ప్రింగు ఉన్నదే వాలు స్క్రూ. దాని మీద ఫ్యాక్టరీ రంగు చుక్క కూడా ఉండొచ్చు. తిప్పేముందు దాని పాత స్థానం సన్న మార్కరుతో గీసుకోండి. క్యాసెట్ పాడుతుండగా, అయస్కాంతం లేని సన్నటి స్క్రూడ్రైవరుతో చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున మాత్రమే అటూ ఇటూ తిప్పండి. స్టీరియో ప్లేయరైతే ఎడమ కుడి చానళ్లు రెంటినీ కలిపి మోనోగా వినండి. మోనో రికార్డింగును ఇలా కలిపి వింటే వాలు కొంచెం తప్పినా పైస్వరాలు ఒక్కసారిగా మాయమవుతాయి, సరిపడ్డచోట అనౌన్సరు పలికే ‘స’, ‘శ’ విచ్చుకున్నట్టు తేటగా వస్తాయి. చెవికి దాన్ని మించిన కొలబద్ద లేదు.

ఇక కంప్యూటర్లో ఘోరంగా ఉండటానికి కారణం మీ తీగ. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి కలిపి ఉంటారు. మైకు రంధ్రం చిన్న సిగ్నల్ కోసం చేసింది, అందులోకి ఇంత బలం పంపితే శబ్దం చితికిపోతుంది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ప్లేయరు శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న పెట్టె) ఒకటి తీసుకుని, ప్లేయరు లైన్ ఔట్ నుంచి దాని లైన్ ఇన్‌కు కలపండి. రికార్డింగు సెట్టింగులు ఇలా పెట్టండి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో, వేవ్ ఫైలు. మోనో అయినా స్టీరియోలోనే ఎక్కించండి, ఒక అంచు పాడైన టేపుల్లో రెండో చానల్ బాగుంటుంది. రికార్డింగు స్థాయి చూపే మీటరు ఎక్కడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. గుయ్యిమని హోరు వస్తే ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి.

ఈ లెక్కన నిమిషానికి 17 మెగాబైట్లు, సీ-60 క్యాసెట్‌కు ఒక గిగాబైటు కాస్త పైన. నలభై క్యాసెట్లకు 42 గిగాబైట్లు. ఎంపీ3 చేసేది నలుగురికీ పంపడానికే, దాచుకోవడానికి కాదు.

ప్రశ్న: జింగిల్ దొరికింది, తేదీ లేదు. ఏ ఏడాదిదో ఎలా కనిపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సేకరణలో అన్నింటికన్నా ఆసక్తి గొలిపే పని ఇదే. కొన్ని గట్టి గుర్తులు చెబుతాం.

అనౌన్సరు చెప్పిన ఫ్రీక్వెన్సీ వినండి. 1978 నవంబరు 23 నుంచి మన దేశంతో సహా ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ అయింది. అందుకే విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖపట్నం 927, అన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడతాయి. ఈ అంకెల్లో ఒకటి వినిపిస్తే అది ఆ తేదీ తర్వాతిదే. తొమ్మిదితో భాగించబడని మీడియం వేవ్ అంకె వినిపిస్తే దాదాపుగా అంతకుముందుది.

ఉత్తరాలు రాయవలసిన చిరునామాలో 533తోనో 534తోనో మొదలయ్యే మన గోదావరి జిల్లాల పిన్‌కోడ్ వినిపిస్తే 1972 ఆగస్టు 15 తర్వాతిది. పిన్‌కోడ్ వచ్చిందే ఆ రోజున. వివిధ్ భారతి 1957 అక్టోబరు 3న మొదలైనా, అందులో వాణిజ్య ప్రకటనలు మొదలైంది 1967 నవంబరు 1న, అది కూడా మొదట బొంబాయి, పుణె, నాగపూర్‌లలోనే. కాబట్టి వివిధ్ భారతి ప్రకటన ఏదైనా అంతకుముందుది కాలేదు. సిలోను రేడియో అయితే పేరు చూడండి: 1967 జనవరిలో అది సిలోన్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అయింది, 1972లో దేశం పేరు మారాక శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్. శ్రోతలు చివరిదాకా రేడియో సిలోన్ అనే పిలిచారు గనుక అట్ట మీది రాత నమ్మకండి, గాలిలో వచ్చిన మాటే నమ్మండి.

అన్నింటికన్నా చేతికందేది పక్కనున్న సినిమా ప్రకటన. ‘నేడే విడుదల’ అని ఒక్క సినిమా పేరు దొరికితే తేదీ వారం పది రోజుల్లోపు తేలిపోతుంది. కత్తిరించొద్దని మొదటి జవాబులో అంతగా చెప్పింది ఇందుకే.

ప్రశ్న: రాత్రిపూట పట్టిన రికార్డింగుల్లో సన్నటి ఈల వినిపిస్తోంది. పాట కూడా కాస్త వేగంగా ఉందనిపిస్తోంది. సరిచేయొచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఈ రెండు ఇబ్బందుల్లో మొదటిదే రెండోదానికి మందు. రాత్రివేళ దూరపు మీడియం వేవ్ స్టేషన్లు కూడా అందుతాయి. పక్కపక్క స్టేషన్ల క్యారియర్ల (శబ్దాన్ని మోసే రేడియో తరంగాల) మధ్య 9 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది, ఆ తేడాయే ఈలగా పలుకుతుంది. అంటే 1978 తర్వాతి రికార్డింగైతే ఆ ఈల సరిగ్గా 9,000 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఆడాసిటీలో స్పెక్ట్రమ్ చూడండి. ఈల 9,270 దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. 9,000ను 9,270తో భాగిస్తే 0.971, కాబట్టి వేగం 2.9 శాతం తగ్గించండి. శ్రుతి, వేగం రెండూ కలిసి మారే ఆదేశమే వాడాలి, శ్రుతి నిలిపి వేగం మాత్రమే మార్చేది కాదు. వేగం సరిచేశాకనే, 9 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క శ్రుతినే తీసేసేది) పెట్టి ఈల తీసేయండి. ముందే తీస్తే కొలిచేందుకు ఏమీ మిగలదు.

ఈల లేనిచోట కరెంటు హోరు చూడండి. ఇంటి కరెంటుతో నడిచిన రేడియో నుంచి పట్టినదైతే 50 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ దగ్గర గీతలుంటాయి, అవి ఎంత జరిగాయో చూసి ఇలాగే లెక్కకట్టండి. ఆ హోరు మీ ప్లేయరుది కాదని తేల్చుకోవడానికి టేపు ఆపి చూడాలి. ఆపినా ఉంటే అది మీ ఇంటిదే, కొలతకు పనికిరాదు.

బుసబుస తగ్గించే ఫిల్టర్ 6 డెసిబెల్స్ మించి వాడకండి. అంతకు మించితే వయొలిన్లు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. మీడియం వేవ్ శబ్దం ఎలాగూ 5 కిలోహెర్ట్జ్ దగ్గరే సన్నగిలుతుంది. అంతకు మించి పైస్వరాలు నిండుగా ఉన్న కాపీ మీకు ఎవరైనా పంపితే, అది రేడియోలోంచి పట్టినది కాకుండా స్టూడియో కాపీయో, ఎఫ్‌ఎం రికార్డింగో అయి ఉంటుంది. రెండూ విలువైనవే, కానీ వేర్వేరుగా రాసుకోండి.

ప్రశ్న: ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ ఎవరిది? అమెరికా సేకర్తలు ‘ప్యాకేజీ’, ‘కట్’ అని మాట్లాడుకుంటారు, అవేమిటి? అసలు జింగిల్లో ఏం వినాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆ ట్యూను వాల్టర్ కాఫ్‌మన్‌ది. యూదుడు కావడంతో హిట్లర్ కాలంలో ఐరోపా వదిలి బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పనిచేసిన సంగీతకారుడు. తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఆ వరసలో శివరంజని ఛాయ ఉంది. పొద్దున్నే దాని తర్వాత వందేమాతరం, ఆపైన విజయవాడ భక్తిరంజని, ఇలా వరసగా ఉన్న రికార్డింగు దొరికితే దానికి సాటి లేదు. ఆ భక్తిరంజనికి రూపం ఇచ్చిన బాలాంత్రపు రజనీకాంతరావు మన నిడదవోలులో పుట్టినవారే. విజయవాడ కేంద్రం ప్రారంభమైంది 1948 డిసెంబరు 1న.

అమెరికా పద్ధతి వేరు. అక్కడ స్టేషన్ పేరునే పాడిస్తారు. డాలస్‌లో బిల్ మీక్స్ 1951లో స్థాపించిన పామ్స్ సంస్థ ఒకే వాద్యసంగీతం మీద ఊరూరి స్టేషన్ల పేర్లు మళ్లీ మళ్లీ పాడించి అమ్మేది. పది పదిహేను ముక్కల కట్టను ప్యాకేజీ అని, అందులో ఒక్కో ముక్కను కట్ అని అంటారు. 1967 సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైనప్పుడు వినిపించినవి కూడా పామ్స్ జింగిల్సే. అక్కడి సేకర్తలు ఒక కట్‌ను ఎన్ని స్టేషన్ల పేర్లతో దొరికితే అన్ని రకాలుగా పోగేస్తారు.

మనకూ ఇలాంటి సరదా ఒకటుంది, ఎందుకో ఎవరూ అంతగా పట్టించుకోరు. సబ్బు, టూత్‌పేస్టు, తలనొప్పి మాత్ర ప్రకటనల పాటలకు ఒకే వాద్యాల ట్రాకు మీద హిందీ, తమిళం, తెలుగు గొంతులు వేరువేరుగా పాడించేవారు. ఒక ట్యూను మూడు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని వినండి. సరుకు పేరు తాళంలో ఎక్కడ పడుతోందో చూడండి. హిందీలో కుదిరిన నడక తెలుగులో సాగాల్సివచ్చినప్పుడు, రచయిత ఒక అక్షరం పెంచాడా, గాయని ఒక స్వరం సాగదీసిందా? పదిహేను సెకన్లలో పల్లవి, పేరు, ముగింపు అన్నీ ఇమిడ్చిన ఆ పనితనం సినిమా పాటలో కనిపించదు. పాడినవారి పేరు గాలిలో చెప్పేవారు కాదు. గొంతు పోలికను బట్టి ఫలానావారని రాసేయకండి, ‘స్త్రీ గొంతు, ఒకరు’ అని రాసుకోండి చాలు.

ప్రశ్న: ఇవి ఇంటర్నెట్లో పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసారం మీద ప్రసారసంస్థ హక్కు 25 ఏళ్లు, ప్రసారమైన సంవత్సరం మరుసటి జనవరి నుంచి లెక్క. 1985 ప్రసారం మీద ఆ హక్కు 2010తో తీరింది. కానీ అందులోని సాహిత్యం, సంగీతం మీద హక్కు కర్తలు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, విడుదలైన సౌండ్ రికార్డింగు మీద 60 ఏళ్లు. కాబట్టి పాత అనౌన్స్‌మెంటు కన్నా, పాడిన జింగిల్‌తో జాగ్రత్తగా ఉండాలి. జింగిల్ పక్కనున్న సినిమా పాట పూర్తిగా పెట్టకండి. ఇంట్లో వినడానికి దాచుకోవడంలో చిక్కు లేదు.

ప్రశ్న: పాత స్పూలు టేపు ఒకటి దొరికింది, పులిసిన వాసన వస్తోంది. ఓవెన్‌లో వేడిచేస్తే బాగవుతుందని విన్నాను.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: వేడిచేయకండి. స్పూలును దీపానికి ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. వెలుతురు చొచ్చుకొస్తే అది ఎసిటేట్ టేపు. వెనిగర్ వాసన దాని పొర కుళ్లుతున్న గుర్తు, వేడి తగిలితే ముడుచుకుపోతుంది. వేడిచేసే వైద్యం పాలిస్టర్ టేపుల్లో జిగురు తేమ పీల్చి బంకగా మారిన కొన్ని రకాలకు మాత్రమే, అదీ 50 నుంచి 54 డిగ్రీలు దాటకుండా గంటల తరబడి. వంటింటి ఓవెన్ ఆ వేడిని నిలకడగా ఉంచలేదు. మీ స్పూలును మిగతా టేపుల నుంచి దూరంగా, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి. ఆ వాసన గల ఆవిరి పక్క టేపులను కూడా పాడుచేస్తుంది. ఆలస్యం చేయకుండా స్పూలు మెషీను ఉన్నవారి దగ్గర కాపీ తీయించండి. తీయించేటప్పుడు వేగం అడగండి: ఇళ్లలో పట్టినవి ఎక్కువగా సెకనుకు 9.5 సెంటీమీటర్లు, స్టూడియోవి 19 లేదా 38.

ఫైలు పేర్ల గురించి చాలామంది అడిగారు. క్యాసెట్ నంబరు, వైపు, నిమిషం, స్టేషను, ఏడాది, అదే వరసలో రాయండి: ‘07-బి-22-విజయవాడ-1981’. ఏడాది ఊహ అయితే పక్కన ప్రశ్నార్థకం కాకుండా ‘సుమారు’ అని రాయండి, కొన్ని కంప్యూటర్లు ఫైలు పేర్లలో ప్రశ్నార్థకాన్ని ఒప్పుకోవు. ఒక కాపీ మీ ఇంట్లో, రెండోది వరద రాని ఊళ్లో ఉన్న చుట్టాలింట్లో. ఏటా ఒకసారి రెండింటినీ తెరిచి, పనిచేస్తున్నాయో లేదో చూడండి.